పండుగనాటి బురద – పాదరక్షల విచారము

బతుకమ్మ పండుగ దాపునకు వచ్చినదనగానే మన యిండ్లలో చీరల మాట వచ్చును, పూల మాట వచ్చును, సత్తుపిండి మాట వచ్చును. కాళ్ళకేమి తొడుగుకొందుమను మాట మాత్ర మెవ్వరి నోటను రాదు. అది పండుగనాడు తలపదగిన సంగతి కాదని కొందరి యభిప్రాయము. కాని తొమ్మిది దినములు మన బరువును, మన తలమీది బతుకమ్మ బరువును మోయునవి పాదములే గదా! వానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట తప్పు గాదని తలంచి యీ కలమును పట్టితిని.

ఈ పండుగ భాద్రపద బహుళ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో నారంభమై, ఆశ్వయుజ శుద్ధ అష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగియును. ఇంగ్లీషు లెక్కకు సెప్టెంబరు, అక్టోబరు నెలలు. అప్పటికి నైరుతి వానలు మన సీమను పూర్తిగా విడిచిపోయి యుండవు. తంగేడు విరగబూయుట, గునుగు తెల్లగా తలలెత్తుట, చెరువు గట్టును తాకుచు నిండుట – ఇవియన్నియు వాన చలువయే. వాన యిచ్చిన పూలు కావలెను గాని, వాన చేసిన బురద వలదన్న నెట్లు కుదురును? బురద యీ పండుగకు పిలువకయే వచ్చు పేరంటాలు.

అందును మా వరంగల్లు ప్రాంతపు నేల యొక్క తీరున నుండదు. చెలక నేలలు ఎర్రనివి. వాన వెలిసిన కొంతసేపటికి నీరు దిగిపోయి కాలు నిలుచును. రేగడి యట్లు కాదు. నీరు త్రాగినకొలది యా నల్లమన్ను ఉబ్బి జిగురగును. ఒక యడుగు వేసితిమా, పిడికెడు మన్ను చెప్పున కంటుకొనును. పది యడుగులు వేయునప్పటికి ప్రతి కాలికిని ఒక్కొక్క మన్నుముద్ద వ్రేలాడుచుండును. ప్రత్తి కీ నేల యెంత మేలో, పండుగకు పోవు పడతికి అంత కష్టము. హనుమకొండలో పద్మాక్షిగుట్ట క్రింది గుండమువద్ద బతుకమ్మలను సాగనంపువారికి రాతిమెట్లయినను కలవు. పల్లెలలోనో, చెరువుకట్ట దిగిన పిమ్మట మెత్తని యొండ్రుమట్టియే దిక్కు.

ఇట్టి నేలపై మన స్త్రీలు సాధారణముగా రెండు విధముల నడచెదరు. వట్టికాళ్ళతో నడచుట యొకటి. హవాయి చెప్పులతో నడచుట రెండవది. హవాయి చెప్పు ఇంటిలోను, ముంగిటిలోను సుఖమే గాని బురదలో శత్రువు. మడమ వెనుక పట్టు లేదు గనుక అడుగడుగునకును లేచి, క్రొత్త పట్టుచీర కుచ్చిళ్ళవెనుక నడుమువరకు బురదబొట్టు లద్దును. జిగురుమన్ను పట్టినచో చెప్పు అక్కడనే నిలిచిపోవును, వారు ఊడిపోవును, మనము ముందునకు తూలుదుము. తోలుచెప్పు నీటిలో నాని బరువెక్కి, ఎండిన పిదప కట్టెవలె బిగిసి వ్రేళ్ళను కొరుకును. వెనుకటి పెద్దల పావుకోళ్ళు కాలిని నేలకు పైకెత్తి కొంత కాపాడుచుండెడివి. ఐరోపా స్త్రీలు సహితము వెనుకటి కాలమున బూట్లక్రింద కొయ్యదిమ్మెలు కట్టుకొని బురదవీధులు దాటిరట. జపానువారి కొయ్యచెప్పులును అట్టివే. బురద యన్ని దేశముల స్త్రీలకును ఉమ్మడి సమస్యయే యన్నమాట.

రెండేండ్ల క్రిందట మా యింట నీ విషయమై పెద్ద చర్చ జరిగినది. మా ఆడపడుచు కూతురు ఇంగ్లండులో చదువు ముగించుకొని పండుగ నెలలోనే తిరిగివచ్చినది. ఆమె పెట్టెలో రెండు జతల బూట్లుండెను. ఒకటి త్రాళ్ళు బిగించి కట్టునవి, చీలమండను పట్టి యుంచునవి, కొండదారుల నడచుటకు కుట్టినవి. రెండవది మోకాలిదిగువవరకు వచ్చు రబ్బరుబూట్లు. మనవారు గమ్ బూట్లని పిలుచునవే. ఆ దేశమున సోమర్సెట్ సీమలో పిల్టన్ గ్రామముకడ నొక పాడిపశువుల క్షేత్రమున 1970 నుండి, నడుమ నడుమ విరామములతో, గ్లాస్టన్‌బరీ యను సంగీతోత్సవము జరుగుచున్నది. పచ్చికబయలులో గుడారములు వేసికొని జనులు దినములకొలది నుందురు. వాన వచ్చినచో ఆ పచ్చిక యంతయు అడుసై పోవును. 1997, 1998, 2016 సంవత్సరములలో నట్లయినది. అక్కడికి పోవువారందరును ముందుగా తేల్చుకొనవలసిన ప్రశ్న యొక్కటేనట: త్రాళ్ళబూట్లా, రబ్బరుబూట్లా?

ఆ పిల్ల తన రెండు జతలను మా యెదుట నుంచి, "అత్తమ్మా, చెరువుకట్టకు పోవుటకు అమ్మమ్మకు వీనిలో నే రకము కొందుము?" అని యడిగినది.

అందరును నవ్విరి గాని నాకు నవ్వు రాలేదు. ఏలన మా అత్తగారికి పదునాలుగేండ్లుగా చక్కెరవ్యాధి. అంతకు ముందటి పండుగలో వట్టికాలితో చెరువుకు పోయివచ్చిన మూడవనాడు, ఆమె అరికాలిలో తుమ్మముల్లు విరిగియుండుట నేను చూచితిని. ఆమెకు నొప్పి తెలియలేదు. ముల్లు తీసి, పుండు మానుటకు నెలన్నర పట్టినది. ఆ నెలన్నరయు నేనెట్లు గడపితినో నాకే తెలియును. అట్టి పుండు లోపలికి పాకి వ్రేలును, కొన్నిసార్లు పాదమును తీసివేయవలసి వచ్చిన యిండ్లు మనకు తెలియనివి కావు.

కావున ఆ రెండు జతలను నేను వేడుకగా గాక విచారముగానే పరీక్షించితిని.

ముందు రబ్బరుబూటు సంగతి. ఇంగ్లీషువారు దీనిని వెల్లింగ్టన్ అందురు. ఆ వెల్లింగ్టన్ ప్రభువు మనకు క్రొత్తవాడు కాడు. 1799 లో శ్రీరంగపట్టణముపై దండెత్తినపుడు నిజాముపక్షపు సేనకు నాయకుడై నడచినవాడతడే. 1803 లో దక్కనునందలి అస్సాయి యుద్ధమున మరాఠాలతో పోరినవాడు నతడే. పిమ్మట స్వదేశమున నతడు తొడిగిన తోలుబూటుకు ఆ పేరు వచ్చినది. రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు విధమునకు అమెరికావాడైన గుడ్‌ఇయర్ 1844 లో హక్కుపత్రము పొందెను. 1853 లో హచిన్‌సన్ అను నతడు ఫ్రాన్సులో నా రబ్బరుతో బూట్లు చేసి రైతుల కమ్మసాగెను. ప్రభువుగారి తోలుబూటు ఇట్లు సేద్యగానికి రబ్బరుబూటయినది. మన పట్టణములలో మురుగుకాలువలు బాగుచేయు పనివారికి ముఖ్యముగా నుండవలసినది యీ బూటే. కాని పలుచోట్ల వారు వట్టికాళ్ళతో దిగుటయే మనము చూచుచున్నాము. పండుగముచ్చటలో నైనను ఈ మాట మరువరాదు.

దీని గుణము, నీరు చొరకపోవుట. గాజుపెంకులు, ముండ్లు, జెఱ్ఱులు మొదలైనవాని భయమును తక్కువ. దోషములు నాలుగు. గాలి యాడదు, లోపల చెమటపట్టి కాలు నానును. మడమ వదులుగా నుండి ఎక్కువ దూరము నడచినచో రాచుకొని పొక్కులు లేచును. జిగురురేగడిలో దిగబడినపుడు బూటు నేలలో నిలిచి, కాలు మాత్రము పైకి వచ్చును. ఇక నీరు బూటు అంచు దాటెనా, లోపల కడవెడు నీరు నిండి అడుగు తీయుటయే కష్టమగును. చెరువు దిగువాని కిది చిన్న సంగతి కాదు.

త్రాళ్ళబూటు గుణములు వేరు. చీలమండను పట్టియుండుటచే ఏటవాలు దారిలో కాలు మెలిపడదు. అడుగున పండ్లవలె రబ్బరుకట్లుండుటచే జారదు. మైళ్ళకొలది నడువవచ్చును. కాని యొకసారి నీరు లోపలికి చొచ్చినదా, ఆరుటకు రెండుదినములు పట్టును. రేగడి యా పండ్లసందులలో పేరుకొని బూటును నున్నని దిమ్మెగా చేయును. అన్నిటికంటె మించినది, త్రాళ్ళు విప్పుటయు కట్టుటయు. మన పండుగలో ఎన్ని తావుల చెప్పులు విడువవలెను! వాకిట బతుకమ్మ పేర్చినపుడు విడువవలెను, కట్టమైసమ్మ యెదుట విడువవలెను, గౌరమ్మను చేతబట్టునపుడు విడువవలెను. నడుము వంగని అత్తగారు అన్నిమార్లు త్రాళ్ళు విప్పగలరా? ఇంగ్లండు సంగీతోత్సవమున దేవత యెదుట బూట్లు విడువనక్కరలేదు. అక్కడి ప్రశ్న అందుచే సులభము.

ఇంత విచారించిన పిమ్మట నేను అత్తగారి యొద్దకు పోయితిని. ఆమె విని, "బిడ్డా, గౌరమ్మను ఎత్తుకొని చెప్పులతోని నడుస్తరా ఎవలన్న? నలభై ఏండ్ల సంది నేను చెప్పులిడిచే పోతున్న. నేలతల్లికి లేని పట్టింపు నీకెందుకు?" అని యడిగిరి.

ఆ మాటను త్రోసివేయుటకు నా నోరు రాలేదు. పెద్దల భక్తిని మూఢత్వమని పేరుపెట్టి నవ్వుట నేటి చదువున కొక వాడుకయైనది. పచ్చిపసుపుతో చేసిన గౌరమ్మను పళ్ళెరమున నిలుపుకొని నడచు స్త్రీకి, కాలిక్రింది చల్లని మన్ను తాకుట కూడ పూజలోని భాగమే. దానిని విడువుమనుటకు మన కేమి యధికారము? కాని ఆ మన్ను తాకినదో లేదో ఆ పాదమునకు తెలియుచున్నదా యను ప్రశ్న యొకటి కలదు. దానిని మాత్రము అడుగవచ్చును.

దాని కొక సులభమైన పరీక్ష యున్నది. చక్కెరవ్యాధి గలవా రున్న ప్రతి యింటను స్త్రీలు దీనిని నేర్వవలెను. రోగిని కన్నులు మూసికొని పండుకొనుమనవలెను. రెండు పాదములలోను బొటనవ్రేలి కొన, నడిమివ్రేలి కొన, చిటికెనవ్రేలి కొన – ఈ యారు తావులను చూపుడువ్రేలితో ఒకటి రెండు క్షణములు మెల్లగా తాకవలెను. నొక్కరాదు, రాయరాదు, గోకరాదు. తాకినపుడెల్ల "తెలిసినది" అని చెప్పుమనవలెను. ఆరింట రెండుగాని, అంతకు మించిగాని తెలియనిచో ఆ పాదము తన్ను తాను కాపాడుకొనలేదని యర్థము. వెంటనే వైద్యునికి చూపవలెను.

అత్తగారు కన్నులు మూసికొనిరి. నేను తాకితిని. ఆరింట మూడు తావులలో ఆమె పలుకలేదు. కన్నులు తెరచి, "ఇంక మొదలువెట్టవా?" అని యడిగిరి. అప్పటికి పరీక్ష ముగిసినది. ఆ మాట విని ఇంటిలో నెవ్వరును నవ్వలేదు. కొంతసేపటికి ఆమెయే, "అయితే మన్ను సల్లదనం నాకు తెలుస్తున్నదనుకున్నది ఉత్తదేనా?" అని మెల్లగా ననిరి.

మరునాడు వైద్యునికి చూపితిమి. ఆయన త్రాళ్ళబూటును వలదనెను, రబ్బరుబూటును వలదనెను. మెత్తని రబ్బరు అట్ట వేసి, మడమవెనుక పట్టి గల ఎం.సి.ఆర్. చెప్పులు వాడుమనెను. ఈ చెప్పుల కథ తెలిసికొనదగినది. వేలూరు క్రిస్టియన్ వైద్యకళాశాలలో 1946 నుండి పనిచేసిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు, కుష్ఠురోగుల పాదములలో పుండ్లు పడుటకు ముఖ్యకారణము నొప్పి తెలియకపోవుటయే యని గుర్తించెను. నొప్పి యనునది శత్రువు కాదు, కావలివాడు. కావలివాడు లేని యింటికి గట్టి తలుపు కావలెను గదా! ఆయనయు, తోడివారును పాదపు బరువును సమముగా పంచు మెత్తని రబ్బరు చెప్పులను చేయించిరి. నేడు అట్టివే చక్కెరవ్యాధి గలవారికిని పనికివచ్చుచున్నవి. లాగి అతికించు పట్టీలున్న రకమును తెచ్చుటచే వంగి ముడులు విప్పు పని లేదు.

చెప్పులు దొరకెను. భక్తి మాట? దానిని అత్తగారే పరిష్కరించిరి. "కట్టమైసమ్మ కాడిదాక చెప్పులు. మైసమ్మ బండమీద విడుస్త. ఆడికెల్లి కిందికి నేను దిగ. మనుమరాలు దిగుతది" అని తీర్మానించిరి. చెప్పులు విడుచుట భక్తియే. ఎక్కడ విడువవలె నన్నది మాత్రము పాదమునుబట్టి యుండవచ్చునని ఆమె మాటకు నేను చేసికొన్న యర్థము. అయినను నలభై యేండ్లుగా తన చేతితో నీట విడిచిన బతుకమ్మను ఇకమీదట మరియొకరి చేతి కిచ్చుట యామెకు చిన్న త్యాగము కాదు. ఆ పూట ఆమె అన్నము సగమే తినిరి.

తక్కిన స్త్రీలము కూడ ఊరకుండలేదు. మా వాడ ఆడవారము పంచాయతీకి పోయి, కట్టదిగువ దారికి మొరము పోయింపుమని యడిగితిమి. రెండు ట్రాక్టర్ల మొరము వచ్చినది. సద్దులనాటి యుదయమున పదిమందిమి చీపుళ్ళు, తట్టలు పట్టి గాజుపెంకులను, ముండ్లను ఏరివేసితిమి. భూమికంతకు తోలు పరచుటకంటె కాలికి చెప్పు తొడుగుట మేలని పెద్దలందురు. నిజమే. కాని నూరుగురు నడచు దారికి మొరము పోయుట, ఆ నూరుగురికిని ఒక్కసారి చెప్పులు తొడుగుటయే గదా!

ముందునాటి రాత్రి వాన కురిసినను ఆ సాయంకాలము దారి నిలిచినది. అత్తగారు తమ పట్టీచెప్పులతో కట్టవరకు నడచిరి. మైసమ్మ బండను కడిగి చాప పరచితిమి. దానిపై వట్టికాళ్ళతో నిలిచి, గౌరమ్మకు మ్రొక్కి, బతుకమ్మను మనుమరాలి తలకెత్తిరి. ఇంగ్లండు బూట్లు రెండు జతలును ఇంటనే యుండెను. ఆ పిల్ల వట్టికాళ్ళతోనే, ముందుగా పగవారు లేరని చూచి యుంచిన యిసుకనేలపై మోకాలిలోతునకు దిగి బతుకమ్మను సాగనంపినది. ఆమె పాదము ముల్లును గుర్తింపగల పాదము. ఆ పిల్లకు వట్టికాలు చెల్లును. అవ్వకు చెల్లదు. ఒకే యింట, ఒకే బురదలో, ఇరువురికి రెండు న్యాయములు. మా చర్చ యంతటికిని ఫలిత మిదియే.

సోదరీమణులకు కొన్ని సూచనలు చేసి ముగించెదను. పండుగకు క్రొత్త పాదరక్షలు కొనువారు సాయంకాలమున కొనవలెను. పగలంతయు తిరిగిన పాదము అప్పటికి కొంత ఉబ్బి యుండును. వ్రేళ్ళముందు బొటనవ్రేలి వెడల్పు ఖాళీ యుండవలెను. క్రొత్తవానిని పండుగనాడే తొడుగరాదు. వారము ముందుగా దినమున కొక గంట, రెండు గంటలు తొడిగి అలవాటు చేయవలెను. తొడుగుటకు ముందు లోపల చేయిపెట్టి రాళ్ళు, మేకులు చూడవలెను. ఆరోగ్యముగల పడుచువారికి బురదలో మడమపట్టి గల రబ్బరుచెప్పు చాలును. దూరపు గుట్టదారి నడచువారికి త్రాళ్ళబూటు, నిలుచున్న నీటిలో పనిచేయువారికి రబ్బరుబూటు మేలు. బూటు తొడిగిన మేజోళ్ళును తొడుగవలెను. తడిసిన వెంటనే మార్చవలెను. తడిసిన బూట్లలో పాత కాగితములు కుక్కి నీడను ఆరబెట్టవలెను గాని పొయ్యిదగ్గర పెట్టరాదు.

ఇంటికి వచ్చిన పిమ్మట పాదములను సబ్బుతో కడిగి, వ్రేళ్ళసందులను పొడిగుడ్డతో తుడువవలెను. నాట్లువేయు ఆడవారి వ్రేళ్ళు పాయుట ఆ సందులలో తడి నిలుచుటచేతనే. స్పర్శ తగ్గిన పాదమును వేడినీటిలో పెట్టరాదు. గోరువెచ్చనో కాదో రోగి కాలితో గాక మన మోచేతితో చూడవలెను. అరికాలిని అద్దములో చూచుకొనవలెను. గాటు పడినచో ధనుర్వాతపు సూది సంగతి వైద్యు నడుగవలెను. బురదలో తిరిగిన కొన్ని దినములకు జ్వరమును పిక్కలనొప్పియు వచ్చినచో, ఎలుకల మూత్రము కలిసిన నీటివలన వచ్చు జ్వరము కావచ్చును. బురదలో నడచిన సంగతిని వైద్యునికి తప్పక చెప్పవలెను.

చీరకు తగిన రవిక యేదని గంటసేపు విచారింతుము. మన అత్తల పాదములకు, మన తల్లుల పాదములకు తగిన పాదరక్ష యేదని అరగంట విచారించుట బరువు కాదు. ఈ యేడు పూలు తెచ్చుటకు ముందే ఇంటిలోని పెద్దల పాదములను ఒక్కసారి మీ యొడిలో నుంచుకొని చూడుడు. ఆ యారు తావులను తాకి చూడుడు. పిమ్మట బతుకమ్మను పేర్చుడు.